రక్తాన్ని చదివే చిప్‌కు ఉప్పే అడ్డంకి

జార్ఖండ్‌లోని ఘాట్‌శిలలోనో, చాయ్‌బాసాలోనో ఒక వ్యక్తికి ఛాతీ నొప్పి వచ్చిందనుకుందాం. ఈసీజీలో విషయం స్పష్టంగా తేలలేదు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి చేరుతుంది. అది ఎంత ఉందో, ఎంత వేగంగా పెరుగుతోందో తెలిస్తే రోగిని వెంటనే జంషెడ్‌పూర్ తరలించాలా, అక్కడే ఉంచి గమనించాలా అన్నది నిర్ణయించడం తేలికవుతుంది. నమూనా దూరంలోని ల్యాబ్‌కు వెళ్లి ఫలితం తిరిగి వచ్చేలోగా విలువైన గంటలు గడిచిపోతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి విశాఖపట్నం చేరాల్సిన రోగులదీ ఇదే పరిస్థితి.

రోగి దగ్గరే, నిమిషాల్లో పరీక్ష పూర్తిచేయాలన్న ఆలోచన నుంచే బయోసెన్సర్లు వచ్చాయి. వీటిలో అందరికీ తెలిసినది గ్లూకోమీటర్. దీని మూలసూత్రాన్ని 1962లో అమెరికా శాస్త్రవేత్తలు లేలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ప్రతిపాదించారు. ప్రతి బయోసెన్సర్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి కావలసిన అణువును గుర్తుపడుతుంది. రెండోది ఆ గుర్తింపును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. గ్లూకోమీటర్ స్ట్రిప్‌లోని ఎంజైము చక్కెరతో చర్య జరిపినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఆ కరెంటే తెరపై అంకెగా కనిపిస్తుంది.

రక్తంలో గ్లూకోజ్ సమృద్ధిగా ఉంటుంది. ట్రోపోనిన్ మాత్రం అత్యల్పం. దాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీలు కావాలి. చేతిలో ఇమిడే ఐ-స్టాట్ పరికరం ఈ పనిని సుమారు పది నిమిషాల్లో చేస్తుంది. దాని కార్ట్రిడ్జ్‌లోని సూక్ష్మ చిప్ మీద యాంటీబాడీలు ట్రోపోనిన్‌ను పట్టి ఉంచుతాయి. ఎంజైము తగిలించిన మరో యాంటీబాడీ వచ్చి దానికి అతుక్కుంటుంది. మిగిలిన రక్తాన్ని కడిగేశాక, ఎంజైము చర్య వల్ల పుట్టే కరెంటును చిప్ కొలుస్తుంది. అయితే ఒక కార్ట్రిడ్జ్ ఒక్కసారికే పనికొస్తుంది. దాన్ని ఫ్రిజ్‌లో భద్రపరచాలి. పరికరం 16 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసేలా రూపొందింది. జంషెడ్‌పూర్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

ఎంజైము, కడగడం వంటి దశలేవీ లేకుండా ట్రాన్సిస్టరే నేరుగా అణువును పసిగడితే? ట్రాన్సిస్టర్‌లో గేటు అనే భాగం కుళాయి తిప్పే పిడి లాంటిది. దాని మీది విద్యుదావేశాన్ని బట్టి కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. 1970లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త పీట్ బెర్గ్‌వెల్డ్ ఆ లోహపు గేటును తీసేసి, దాని స్థానంలో ద్రవాన్ని తాకనిచ్చారు. ద్రవంలోని అయాన్లే కరెంటును మార్చాయి. ఆ ఉపరితలంపై యాంటీబాడీలను అమరిస్తే, ప్రొటీన్ వచ్చి అతుక్కోగానే దాని ఆవేశం కరెంటును మార్చాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. రక్తం ఉప్పగా ఉంటుంది. అందులోని సోడియం, క్లోరైడ్ వంటి అయాన్లు ప్రొటీన్ చుట్టూ చేరి దాని ఆవేశాన్ని కప్పేస్తాయి. రక్తంలో ఆ ఆవేశం ప్రభావం ఒక నానోమీటరు దూరం కూడా పోదు. యాంటీబాడీ పొడవేమో సుమారు పది నానోమీటర్లు. అంటే ప్రొటీన్ చిక్కినా, దాని ఉనికి చిప్‌కు తెలియదు. తక్కువ ఉప్పున్న ద్రావణంలో బాగా పనిచేసిన సెన్సర్ రక్తం దగ్గరకొచ్చేసరికి తడబడటానికి ఇదొక ముఖ్య కారణం.

దీనికి పరిశోధకులు పలు దారులు వెతుకుతున్నారు. నమూనాను పలుచన చేయడం ఒకటి. యాంటీబాడీకి బదులు, ఆప్టమర్లనే పొట్టి డీఎన్‌ఏ పోగులను వాడటం మరొకటి. వేగంగా మారే విద్యుత్ సంకేతాలతో అయాన్ల కవచాన్ని దాటడం ఇంకొకటి. ఉష్ణోగ్రత మారితే ట్రాన్సిస్టర్ అంకె కూడా జరుగుతుంది. అందుకే యాంటీబాడీ లేని జంట సెన్సర్‌ను పక్కనే ఉంచి, రెండింటి తేడాను లెక్కిస్తారు.

ఇది ఎలక్ట్రానిక్స్ ఒక్కటే తేల్చగల సమస్య కాదు. చిప్ ఉపరితలానికి పదార్థ శాస్త్రం, యాంటీబాడీలకు జీవరసాయనం, ఫలితాన్ని బేరీజు వేయడానికి వైద్యం తోడుకావాలి. ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో జాతీయ లోహ పరిశోధనశాల, ఎన్‌ఐటీ, పెద్దాసుపత్రులు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. కొత్త చిప్‌కు అసలు పరీక్ష మాత్రం ఏసీ గదిలో, శుభ్రమైన ద్రావణంతో కాదు. మే నెల ఎండలో, కరెంటు పోయిన ఆరోగ్య కేంద్రంలో, అసలైన రక్తపు చుక్కతో అది సరైన అంకె చూపాలి. అప్పుడే ఘాట్‌శిల వైద్యుడు దాన్ని నమ్మి అంబులెన్సు పిలుస్తాడు.