ఎవరూ లేనప్పుడు చూసే సినిమా

మాయాబజార్ చూశారా అని అడగండి. మన ఊళ్ళలో ఎవరైనా రొమ్ము విరుచుకుని చెబుతారు, పదిసార్లు చూశామని. జగన్మోహిని ఎన్నిసార్లు చూశారంటే మాత్రం అటూ ఇటూ చూసి, "ఎప్పుడో చిన్నప్పుడు" అని మాట దాటేస్తారు. మళ్ళీ మళ్ళీ చూసేదేమో అదే!

బి. విఠలాచార్య తీసిన దయ్యాల, మాంత్రికుల సినిమాల సంగతి ఇది. ఆయన 1920లో ఉడుపి ప్రాంతంలో పుట్టిన కన్నడిగుడు. పేరు వచ్చింది తెలుగులో. జానపద బ్రహ్మ అన్నారు. కుర్చీ టిక్కెట్టువారు ముక్కు విరిచినా నేల టిక్కెట్టువారికి ఆ పట్టింపు లేదు. మన కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన కాంతారావు కత్తి పట్టిన 'గురువును మించిన శిష్యుడు' (1963) లాంటివి వారి కోసమే.

టూరింగు టాకీసులో ఇసుక కుప్ప చేసుకుని కూర్చునేవాళ్ళం. ప్రొజెక్టరు ఒక్కటే. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆ సందులో, ముందురోజు చూసినవాడు తర్వాత జరగబోయేదంతా చెప్పేసేవాడు. ఎవరూ కోప్పడేవారు కాదు. రాబోయేది తెలిస్తేనే కేక వేయడానికి సిద్ధంగా ఉండొచ్చు కదా.

అందులోని మాయలకు మంత్రమేమీ లేదు. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపి, అతన్ని పక్కకు పంపి, మిగతావాళ్ళను కదలకుండా నిలబెట్టి మళ్ళీ తిప్పడమే. ఒక్కడే ఇద్దరుగా కనబడాలంటే కెమెరా కంటికి సగం ముసుగు వేసి ఒకసారి, ఫిల్మును వెనక్కి చుట్టి రెండో సగానికి వేసి ఇంకోసారి తీయాలి. కంప్యూటర్లు లేని రోజులవి. చిన్నప్పుడు భయపడుతూ చూశాం. ఇప్పుడు అతుకు ఎక్కడుందా అని వెతుకుతూ చూస్తున్నాం. నటుడికి తీరిక దొరక్కపోతే ఆ పాత్రను ఏ మేకగానో చిలకగానో మార్చేసి షూటింగు కానిచ్చేవారని ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమెంతో గాని, ఆ సినిమాలు చూసినవాళ్ళు నమ్మేస్తారు.

జగన్మోహిని 1978లో వచ్చింది. అది మా పక్కూరి టెంటుకు చేరేనాటికి మా అమ్మ కడుపుతో ఉంది. దయ్యాల సినిమాకు పోతే బిడ్డకు పీడ తగులుతుందని నాయనమ్మ ఒప్పుకోలేదు. అమ్మ నాట్ల కూలిలో కొంత దాచుకుంది. చుట్టాలింటికని చెప్పి, నన్ను తోడు తీసుకుని మొదటాటకు పోయింది. దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్ళు పెట్టి వంట చేసే సీనుకు టెంటంతా కేకలు. నేను కళ్ళు మూసుకున్నాను. అమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మూడోనాటికే సంగతి బయటపడింది. చెప్పింది నేనే. తర్వాత చెల్లెలు పుట్టింది. దానికి జ్వరం వచ్చినా, పాలు కక్కినా నాయనమ్మ ఆ సినిమానే ఎత్తి తిట్టేది. అమ్మ మారు పలికేది కాదు. ఆ తర్వాత ఇంట్లో ఆ పేరెత్తగా నేను వినలేదు.

ఇప్పుడు అమ్మ చేతికి ఫోను వచ్చింది. మధ్యాహ్నం అందరూ పొలం పోయాక, తలుపు దగ్గరికి వేసుకుని ఆ సినిమా పెట్టుకుంటుంది. మొన్న పండక్కి వచ్చిన చెల్లెలు తలుపు తోసి, "ఏం చూస్తున్నవమ్మా?" అంది.

"ఏదో భక్తి సినిమాలే" అంది అమ్మ, ఫోను బోర్లా పెడుతూ.

చెల్లెలు ఫోను తిప్పి చూసి, పక్కన కూర్చుంది. పొయ్యి సీను ఇంకా రాలేదు.