వారాల వరుసలో, వాడుక మాటల్లో ప్రాచీన గ్రీసు

గ్రీకు నాగరికత వారసత్వం అనగానే ఏథెన్సు కొండపైని పార్థెనాన్ పాలరాతి స్తంభాలు, సోక్రటీసు విషపాత్ర, ఒలింపిక్ క్రీడలు గుర్తుకు వస్తాయి. ప్రజాస్వామ్యానికి, విషాదాంత నాటకానికి, తర్కశాస్త్రానికి అక్కడ పునాదులు పడ్డాయన్నది చిన్ననాటి నుంచి చదువుకున్న పాఠమే. అయితే ఆ వారసత్వం దక్షిణాసియాలో శిథిలాలుగా కంటే పంచాంగంలోనూ, నిత్యం పలికే మాటల్లోనూ ఎక్కువగా నిలిచి ఉంది.

'లిప్తపాటు' అంటాం. ఆ లిప్త గ్రీకు 'లెప్టోన్' నుంచి వచ్చింది. అతి చిన్న భాగమని దాని అర్థం. వార్తల్లో పదేపదే వినిపించే 'కేంద్రం' గ్రీకు 'కెంట్రోన్'. పశువులను అదిలించే ములుకోలకు అక్కడ ఆ పేరు. వృత్తం గీసేటప్పుడు కదలకుండా నిలిచే ముల్లుమొనకు అదే పేరు స్థిరపడి, సంస్కృత ఖగోళ గ్రంథాల మీదుగా మన పరిపాలనా పరిభాషలోకి వచ్చింది. వేణువును, గొట్టాన్ని సూచించే 'సిరింక్స్' సంస్కృతంలో సురుంగ అయి, తెలుగులో సొరంగమైంది. రెల్లుపుల్లకు గ్రీకు పేరు 'కలమోస్'; అరబ్బీ చేతుల మీదుగా తిరిగి మనకు కలమైంది. 'ద్రాఖ్మే' నాణెం ద్రమ్మమై, చిన్నచిన్న రూపాలు దాల్చి చివరకు దమ్మిడీ దగ్గర ఆగింది.

ఈ మాటలన్నీ అలెగ్జాండరు దండయాత్రతో వచ్చాయనుకుంటే పొరపాటు. క్రీ.పూ. 326 ప్రాంతంలో వచ్చిన ఆయన ఎక్కువ కాలం నిలవలేదు. నిలిచినవారు ఆ తరువాతి బాక్ట్రియా, గాంధార ప్రాంతాల యవనులు. అశోకుడు కాందహార్‌లో వేయించిన శాసనంలో గ్రీకు భాష ఉందంటే, అక్కడ దాన్ని చదివే ప్రజలు ఉన్నట్టే కదా! తక్షశిల నుంచి రాయబారిగా విదిశకు వచ్చిన హీలియోడోరస్ క్రీ.పూ. 2వ శతాబ్దిలో వాసుదేవుని పేర గరుడస్తంభం ఎత్తించి, తనను భాగవతునిగా చెప్పుకున్నాడు. సముద్రమార్గాన ఈజిప్టులోని అలెగ్జాండ్రియాతో సాగిన వర్తకం మరో ద్వారం. ఖగోళ గణితం ప్రధానంగా ఆ నగరం వైపు నుంచే వచ్చిందని చరిత్రకారుల అభిప్రాయం.

అలా వచ్చినవాటిలో అన్నిటికంటే లోతుగా పాతుకుపోయింది ఏడు రోజుల వారం. ఆదివారం తరువాత సోమవారమే ఎందుకు రావాలి? ఆకాశంలో కదిలే ఏడు జ్యోతులను నిదానంగా తిరిగేవాటి నుంచి వేగంగా తిరిగేవాటి వరకు పేర్చితే శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అనే వరుస వస్తుంది. రోజులోని 24 హోరలకు ఇదే క్రమంలో ఒక్కొక్కరు అధిపతి. శనితో మొదలైన రోజున 22వ హోర మళ్లీ శనిదే. 23వది గురునిది, 24వది కుజునిది. మరునాటి తొలి హోర రవిది కనుక శనివారం తరువాత ఆదివారం. ఇదే లెక్కన ఆ మరునాడు చంద్రునికి, అంటే సోమవారానికి చేరుతుంది. గ్రహాల పరిశీలన బాబిలోనియన్లది, 24 భాగాల రోజు ఈజిప్టుది. రెంటినీ ఒక లెక్కలో కూర్చినది గ్రీకు విద్య వర్ధిల్లిన ఈజిప్టు. 'హోర' అన్న మాట కూడా గ్రీకుదే.

అశోకుని శాసనాల్లో తిథులు, నక్షత్రాలు ఉన్నాయి కానీ వారాల పేర్లు లేవు. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో బుధగుప్తుని కాలం నాటి క్రీ.శ. 484 శాసనం గురువారాన్ని పేర్కొంది. వారం పేరుతో మనకు లభించిన తొలి శాసనాల్లో అది ఒకటి.

ఈ రుణాన్ని అంగీకరించడం కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. హోర అన్నది 'అహోరాత్ర' శబ్దంలో మొదటి, చివరి అక్షరాలు లోపించగా ఏర్పడిందన్న వాదం ఈనాటిది కాదు. 6వ శతాబ్ది పండితుడు వరాహమిహిరుడే బృహజ్జాతకంలో దాన్ని కొందరి మతంగా ఉదహరించాడు. ఒక్క మాటే అయితే వాదించుకోవచ్చు. కానీ అదే గ్రంథంలో రాశులకు క్రియ, తావురి, లేయ వంటి పేర్లున్నాయి. అవి గ్రీకులో మేషం, వృషభం, సింహం పేర్లే. జ్యోతిష్కులు నేటికీ వాడే పణపరం, ఆపోక్లిమం అన్న పరిభాషకు సంస్కృత ధాతువు వెతికి లాభం లేదు. జాతకఫలం నిజమా కాదా అన్నది వేరే చర్చ. పదాల పుట్టుక విషయంలో మాత్రం సాక్ష్యం స్పష్టం.

వరాహమిహిరునికి ఆ ఇబ్బంది ఉన్నట్టు కనిపించదు. యవనులు మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వారి వద్ద సుప్రతిష్ఠితమై ఉంది కనుక ఋషులతో సమానంగా పూజ్యులన్న భావాన్ని బృహత్సంహితలో పొందుపరిచాడు. పంచసిద్ధాంతికలో రోమక, పౌలిశ సిద్ధాంతాలకూ చోటిచ్చాడు. యవనపురానికి, అవంతికి మధ్య కాలభేదం 7 గడియలకు కొంచెం ఎక్కువని లెక్క చెప్పాడు. యవనపురమంటే అలెగ్జాండ్రియా. ఆధునిక రేఖాంశాలతో పోల్చితే ఆ లెక్కలో తేడా పది నిమిషాల లోపే!

తీసుకున్నదాన్ని మనవారు ఉన్నదున్నట్టుగా ఉంచలేదు. గ్రీకు ఖగోళజ్ఞులు వృత్తంలోని పూర్ణజ్యాలతో లెక్కించగా, భారతీయులు అందులో సగాన్ని, అంటే అర్ధజ్యాను తీసుకున్నారు. ఆర్యభటుడు దాని పట్టికనే ఇచ్చాడు. ఆ 'జ్యా' అరబ్బీలో జీబ అయి, జైబ్‌గా చదవబడి, ఆ మాటకున్న వేరే అర్థాన్ని పట్టుకుని లాటిన్‌లో సైనస్‌గా అనువాదమైంది. నేటి విద్యార్థుల 'సైన్' అదే.

గ్రీకు వైద్యం మరో దారి పట్టింది. హిప్పోక్రటీసు, గేలెన్ల చతుర్దోష సిద్ధాంతం 9వ శతాబ్దిలో బాగ్దాదు అనువాదకుల ద్వారా అరబ్బీలోకి వెళ్లి, యునానీ పేరుతో భారతదేశం చేరింది. యునానీ అంటే అయోనియాకు చెందినది. యవన శబ్దానికీ మూలం ఆ ప్రాంతమే. హైదరాబాద్ చార్మినార్ పక్కన ఉన్న ప్రభుత్వ యునానీ ఆసుపత్రికి రోగులు నేటికీ వస్తూనే ఉన్నారు.

యూక్లిడ్ రాక మరీ ఆలస్యం. 18వ శతాబ్దిలో జైపూర్ రాజు సవాయి జయసింహుని ఆస్థానంలో జగన్నాథ సమ్రాట్, నసీరుద్దీన్ తూసీ అరబ్బీ పాఠాన్ని ఆధారం చేసుకుని ఆ జ్యామితి గ్రంథాన్ని 'రేఖాగణితం' పేరుతో సంస్కృతీకరించాడు. టాలమీ ఖగోళ గ్రంథాన్నీ అరబ్బీ నుంచే తెచ్చాడు. వరాహమిహిరుడు యవనపురం దూరాన్ని లెక్కగట్టిన సుమారు 12 శతాబ్దాల తరువాత, ఆ నగరపు పుస్తకాలు ఈ విధంగా మళ్లీ సంస్కృతంలోకి ప్రవేశించాయి.