అడుగవలసినదియు, అడుగరానిదియు



నేను క్రొత్త ఫోనును మొదట తెరచినప్పుడు అది నన్ను ‘నీ భాష యేది?’ అని యడిగినది, ‘గంట యెంత?’ అని యడుగలేదు. గంటను టవరు ద్వారా తానే తెలిసికొన్నది. ఈ వివేకము యంత్రములకు పుట్టుకతో వచ్చినది కాదు.

పూర్వము కంప్యూటరును తక్కినవానితో కలుపవలెనన్న, దాని చిరునామా సంఖ్యను తరచుగా మనుష్యుడే వ్రాయవలసి యుండెను. ఒక్క అంకె తప్పినను పని నిలిచిపోవును. రెండింటికి ఒకే సంఖ్య పడినచో రెండును చిక్కులో పడును.

1993లో డి.హెచ్.సి.పి. యను పద్ధతి ప్రకటింపబడెను. ఇందు క్రొత్తగా వచ్చిన యంత్రము తనకొక చిరునామా కావలెనని అందరికిని వినబడునట్లు కేక వేయును. ఆ పనికి నియమింపబడిన యంత్రము ఖాళీగానున్న సంఖ్యనొకదానిని చూపును. ఇది సమ్మతింపగా దానిని ఖాయపరచును. ఇది దానము కాదు, కౌలు. సగము గడువు గడవగానే యంత్రము పొడిగింపును తానే కోరును. కోరక వెడలిపోయినచో, గడువు తీరిన పిమ్మట ఆ సంఖ్యను మరియొకదాని కీయవచ్చును. నేడు మన యిండ్లలోని వైఫైయందును సాధారణముగా జరుగునది యిదియే.

తాను కనుగొనగలదానిని మనలను అడుగు యంత్రము తన బరువును మన నెత్తిన పెట్టుచున్నది. జవాబు తెలియక పెద్దలు సిగ్గుపడి ఫోనును ప్రక్కన పెట్టుదురు. ఆ సిగ్గు వారిది కాదు, నిర్మాతది.

అయితే మన భాష, మన సొమ్ము, మన గుట్టు మన యిష్టములు. వీనిని యంత్రము ఊహింపరాదు, అడిగియే తీరవలెను.