అత్తయ్యకు పట్టింది గాలి కాదు

మనలో చాలామందిమి ఆసుపత్రిలో రోగికి తోడు ఉన్నవాళ్లమే. అందుకే ఈ సంగతి తెలుసుకుందాం.

దివిసీమలోని ఒక పల్లె నుంచి ఒక పెద్దావిడను బెజవాడ పెద్దాసుపత్రికి తెచ్చారు. ఆమెకు జ్వరం, ఆయాసం. తోడుగా కోడలు ఉంది.

రెండో రాత్రి ఆమెకు నిద్ర లేదు. "గేదె తాడు తెంపుకుంది, పట్టుకోండి" అంటూ మంచం దిగబోయింది. సెలైన్ గొట్టం లాగేసింది. కోడల్ని చూసి "నువ్వెవరివి?" అంది.

పక్క మంచం వాళ్లు "గాలి సోకింది, తాయెత్తు కట్టించు" అన్నారు. కోడలు ఏడుస్తూనే నర్సమ్మ దగ్గరకు పరుగెత్తింది. డాక్టరుగారు వచ్చి చూశారు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గింది. మూత్రం ఆగిపోయింది. వాటికి వైద్యం చేశారు. నాలుగు రోజులకు ఆమె కోడల్ని గుర్తుపట్టింది.

ఇది ఎందుకు వస్తుంది?

ఇది పిచ్చి కాదు. గాలి కాదు. ఒంటి జబ్బు మెదడు మీద చూపే ప్రభావం. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. పగలు కాస్త బాగుండి, రాత్రి ఎక్కువ కావచ్చు. కొందరు కేకలు వేయరు. మగతగా పడి ఉంటారు. అదీ ప్రమాదమే.

జ్వరం, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, చక్కెర పడిపోవడం, మలబద్ధకం, కొన్ని మందులు దీనికి కారణాలు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసినా రావచ్చు. తాగుడు సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు.

మనం ఏం చేయాలి?

వెంటనే నర్సుకు చెప్పాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

రోగితో వాదించకూడదు. "అత్తయ్యా, ఇది ఆసుపత్రి. నేను మీ కోడల్ని" అని నెమ్మదిగా చెప్పాలి.

కళ్లజోడు ఉంటే పెట్టాలి. పగలు వెలుతురు తగలనివ్వాలి. రాత్రి లైటు, మాటలు, సెల్‌ఫోను మోత తగ్గించాలి.

మందుల షాపులో నిద్రమాత్రలు కొని వేయకూడదు. వాటితో తికమక పెరగవచ్చు. మంచం దిగి పడిపోవచ్చు.

దిగులు పడితే?

"ఇక నేను బతకను" అంటూ రోగి తిండి మానేస్తే కసురుకోవద్దు. పక్కన కూర్చుని వినండి. డాక్టరుకు చెప్పండి. 14416కు ఫోను చేయవచ్చు. దాని పేరు టెలీ మానస్. 2022లో ప్రభుత్వం పెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

తోడున్న మనకూ నిద్ర కావాలి. ఒక రాత్రి మీరు, ఒక రాత్రి మీ ఆయనో, ఆడపడుచో ఉండండి. అడగడానికి మొహమాటపడకండి.