డిజిటల్ విద్యా పరివర్తన: విధానము, వ్యూహము, తీరప్రాంత సంఘముల బాధ్యత

ఉపోద్ఘాతము

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎడ్యుశాట్ అను ఉపగ్రహము నింగికి ఎగిరినది. కేవలము విద్య కొరకే మన దేశము ప్రయోగించిన మొదటి ఉపగ్రహము అదే. శ్రీహరికోట ఆనాడు నెల్లూరు జిల్లాలోనిది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. రాకెట్టు ప్రయోగించు దినమున ఆ చుట్టుపక్కల సముద్రములోనికి వేటకు వెళ్ళవద్దని జాలరులను ముందుగా హెచ్చరిస్తారు. అట్లు వేట మానుకొని ఒడ్డున నిలిచి ఆకాశము వైపు చూచిన తండ్రుల బిడ్డలకు ఆ ఉపగ్రహము ఏమి అందించినది? తీరప్రాంతములో పరిచర్య చేయుచున్న మమ్మును ఈ ప్రశ్న చాలాకాలముగా వెంటాడుచున్నది.

ఎడ్యుశాట్ సేవలు 2010లో ముగిసినవి. దాని వినియోగమును గూర్చి 2013లో వెలువడిన కాగ్ నివేదిక, నేల మీద నెలకొల్పవలసిన ఏర్పాటులలో జాప్యమును, పాఠ్యాంశముల కొరతను ఎత్తి చూపినది. అనగా లోపము ఆకాశములో లేదు, నేల మీద ఉన్నది. కనుక విద్యలో డిజిటల్ పరివర్తనకు సంబంధించిన ఏ విధానమైనను, పరికరముకంటె ముందుగా దానిని విద్యార్థికి చేరువ చేయు మనుష్యుని గూర్చి నిర్ణయింపవలెనని ఈ వ్యాసములో వివరింపగోరుచున్నాము.

1. విధానము వేరు, వ్యూహము వేరు

ఈ రెండు మాటలను మనము తరచుగా ఒకే అర్థములో వాడుచున్నాము. ఎవరికి, ఏ విద్య, ఏ న్యాయము చొప్పున అందవలెనో చెప్పునది విధానము. ఏ అడుగు ముందు వేయవలెను, ఎవరు వేయవలెను, ఖర్చు ఎక్కడినుండి వచ్చును, ఫలితమును ఎప్పుడు సరిచూడవలెను అని చెప్పునది వ్యూహము. అట్లే, కాగితము మీది నోట్సును కంప్యూటరులోనికి ఎక్కించినంత మాత్రమున పరివర్తన జరిగినట్లు కాదు. బోధించు తీరు, పరీక్షించు తీరు, ఉపాధ్యాయుని పని మారినప్పుడే దానిని పరివర్తన అనవలెను.

2020 జూలైలో వెలువడిన జాతీయ విద్యా విధానము తన 23, 24 అధ్యాయములను ఈ అంశమునకే కేటాయించినది. డిజిటల్ సదుపాయము అందని ప్రజలు గణనీయముగా ఉన్నారని అది ఒప్పుకొన్నది. అట్టివారి కొరకు టెలివిజన్, రేడియో, కమ్యూనిటీ రేడియోలను విరివిగా వాడవలెననియు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇయ్యవలెననియు, ముఖాముఖి బోధనను ఆన్‌లైన్ బోధనతో కలుపవలెననియు సూచించినది. విధానముగా ఇది మంచిదే. అయితే పాలెములోని ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళవలసినది వ్యూహము.

2. మన రాష్ట్రము నేర్చుకొన్న పాఠములు

2020లో బడులు మూతపడినప్పుడు రాష్ట్ర విద్యాశాఖ విద్యార్థులను మూడు వర్గములుగా చూచినది: ఇంటర్నెట్ గల ఫోను లేక కంప్యూటరు ఉన్నవారు హైటెక్, టీవీ, రేడియో మాత్రమే ఉన్నవారు లోటెక్, ఏదియు లేనివారు నోటెక్. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పాఠములు ప్రసారమైనవి. అందరికి ఒకే మార్గము చాలదని గుర్తించుట మెచ్చదగిన సంగతి.

అయినను ఆ లెక్కకు చిక్కని సంగతి ఒకటి మేము చూచితిమి. పట్టపుపాలెములోని మా సంఘ కుటుంబము ఒకదానిలో ఒకే స్మార్ట్‌ఫోను ఉండెడిది. తెల్లవారుజామున తండ్రి వేటకు వెళ్ళునప్పుడు ఆ ఫోను ఆయనతోపాటే సముద్రము మీదికి వెళ్ళెడిది. తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమార్తెకు పాఠము వచ్చు వేళకు ఫోను లేదు. ఫోను ఇంటికి చేరు వేళకు పాఠము లేదు. లెక్క ప్రకారము ఆమె హైటెక్ ఇంటి బిడ్డ! బడులు తెరచిన తరువాత ఆమె తిరిగి వెళ్ళలేదు. ఆ నెలలలో మేము ఆ ఇంటికి ప్రార్థనకు వెళ్ళుచునే ఉంటిమి గాని, ఫోను ఎవరి చేతిలో ఉన్నదని ఒక్కసారియైనను అడుగలేదు. ఈ తప్పు మాది.

2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచిరి. బైజూస్ సంస్థ పాఠములను ముందుగానే వాటిలో నింపి ఇచ్చినందున సిగ్నల్ కొరతకు కొంత పరిష్కారము దొరికినది. కాని 2024లో ఆ సంస్థ మీదనే దివాలా విచారణ మొదలైనది. 2023లో యునెస్కో తన ప్రపంచ విద్యా నివేదికలో సాంకేతికతను గూర్చి నాలుగు ప్రశ్నలు వేయుమన్నది: ఇది ఇక్కడికి తగినదా? అందరికి సమానముగా అందునా? విస్తరింపదగినదా? కాలము గడచినను నిలుచునా? ఉపగ్రహము, ఫోను, ట్యాబ్ ఈ మూడింటిని ఆ నాలుగు ప్రశ్నలతో తూచి చూచుట మనకు మేలు.

3. లేఖతోపాటు తుకికు

అపొస్తలుడైన పౌలు దూరవిద్యను ఎరుగనివాడు కాడు. తన పత్రికను కొలొస్సయిలో చదివిన తరువాత లవొదికయ సంఘములోను చదివించవలెనని ఆయన కోరెను (కొలొస్సయులకు 4:16). ఒకే పాఠము అనేక స్థలములకు చేరుట ఇదే గదా. అయితే ఆయన లేఖను మాత్రమే పంపలేదు. తుకికును, ఒనేసిమును కూడ పంపెను (4:7-9). తన సంగతులు తెలుపుటకును, వారి హృదయములను ఆదరించుటకును తుకికు వెళ్ళెను. లేఖ చేయలేని పని మనుష్యుడు చేసెను. మనుష్యుడు గుర్తుంచుకొనలేనిదానిని లేఖ భద్రపరచెను. డిజిటల్ విద్యకు ఇంతకంటె చక్కని మాదిరి మాకు కనబడలేదు.

4. వేదాంత విద్యలో కంచె ఉపమానము

వేదాంత కళాశాలలు కూడ ఇప్పుడు ఈ కూడలిలోనే ఉన్నవి. నిజమునకు మనకు ఇది క్రొత్త కాదు. 1963లో గ్వాటెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీ, కళాశాలకు రాలేని సంఘనాయకుల యొద్దకే విద్యను తీసికొనిపోయినది. విస్తరణ వేదాంత విద్య అను ఆ పద్ధతి 1971లో బెంగుళూరులో స్థాపింపబడిన టాఫ్టీ ద్వారా మన దేశములో వేళ్ళూనినది.

ఆ పద్ధతిని టెడ్ వార్డ్ అను విద్యావేత్త కంచెతో పోల్చెను. కంచెకు అడ్డముగా రెండు కర్రలుండును. పై కర్ర ఇంట చదువుకొను పాఠము, క్రింది కర్ర పరిచర్యలోని అనుభవము. ఆ రెండింటిని పట్టి నిలుపు నిలువు గుంజలు, గురువుతోను తోటివారితోను క్రమముగా కూడుకొను సమావేశములు. గుంజలు లేనియెడల కర్రలు నేల మీద పడియుండును.

డిజిటల్ సాధనములు పై కర్రను బాగుగా బలపరచును. మారుమూల కాపరికి గ్రంథాలయము అరచేతిలోనికి వచ్చును. కాని ఖర్చు తగ్గునని గుంజలను పెరికివేసి, కోర్సు అంతటిని ఆన్‌లైన్‌కు మార్చినచో, మొదట రాలిపోవువారు తీరప్రాంతపు పేద విద్యార్థులే. ప్రతి కళాశాల తన విధానములో ఈ గుంజలను ముందుగా వ్రాసికొనవలెను. సిగ్నల్ లేనివానికి కాగితము మీద పాఠమును, పరీక్షను ఇచ్చు ఏర్పాటును కూడ అందులో చేర్చవలెను.

5. సంఘము చేయదగిన పని

మొదటిది, తెలిసికొనుట. ఫోను ఉన్నదా అని కాక, ఎవరి యొద్ద, ఏ వేళ ఇంటనుండును, సిగ్నల్ ఎక్కడ అందును అని ప్రతి ఇంట అడుగవలెను. రెండవది, మనుష్యుని ఏర్పరచుట. పాలెమునకు ఒకరు చాలును: డిగ్రీ చదివిన యువతి గాని, సండేస్కూలు ఉపాధ్యాయుడు గాని. మూడవది, పాఠమును ముందే దింపి ఉంచుట. 2017లో మొదలైన దీక్ష యాప్‌లోని అనేక పాఠములను డౌన్‌లోడ్ చేసికొని ఇంటర్నెట్ లేకుండ చూడవచ్చును.

నాలుగవది, కాలము. మన తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకు వేట నిషేధము. బడులకు వేసవి సెలవులు కూడ ఇంచుమించు అప్పుడే. తండ్రియు ఫోనును ఇంటనే ఉండు ఆ దినములు, వెనుకబడిన బిడ్డలకు పాఠములు చెప్పుటకును తల్లిదండ్రులకు ఈ సాధనములు నేర్పుటకును తగిన సమయము. అయిదవది, స్థలము. వారమంతయు తాళము వేసియుండు మందిరము సాయంకాలము రెండు గంటలు చదువుల గది కావచ్చును. పెద్దవారు ఎదుట ఉండగా ఫోను వాడుట బిడ్డలకు క్షేమము. ఈ సేవ ఏ మతస్థుల బిడ్డకైనను సమానముగా, ఏ షరతు లేకుండ జరుగవలెను.

ముగింపు

ప్రభుత్వము ఉపగ్రహమును ఎగురవేయగలదు, ట్యాబ్ పంచగలదు. పాలెములో ఏ ఇంటి ఫోను ఏ వేళ సముద్రము మీద ఉండునో ఎరిగినవాడు కాపరి. ఈసారి గృహదర్శనమునకు వెళ్ళినప్పుడు ప్రార్థనకు ముందు బిడ్డ చదువు సంగతి అడుగుదము. మేము ఆ కుమార్తె ఇంట అడుగవలసియుండి అడుగని ప్రశ్న అదే.