పాలకేంద్రంలో చూసే వెన్న శాతం.. కంచంలో చూస్తున్నామా?

తెల్లారేసరికి పాలక్యాను పట్టుకుని కేంద్రం ముందు వరుసలో నిలబడే రైతుకు వెన్న శాతం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడొచ్చిందంటే సంతోషం. ఆరుకు దిగితే దాణా ఖర్చు కూడా గిట్టుబాటు కాలేదని బాధ. మరి అదే వెన్న రోజూ మన ఒంట్లోకి ఎంత పోతోందో ఎప్పుడైనా లెక్క చూశామా?

"మా తాత ముద్దముద్దకీ నెయ్యి పోసుకుని ఎనభై ఏళ్లు బతికాడు. నాకేమవుతుందయ్యా?" అని అడిగే రైతులు ఊరికి పదిమంది ఉంటారు. ఒక్క తాతను చూసి లెక్క కట్టకూడదు. పైగా ఆయన రోజంతా నాగలి వెనక నడిచాడు. మనకు ట్రాక్టరొచ్చింది, మోటారొచ్చింది. తిండి మాత్రం తాతదే. దీనికి బీడీ, బీపీ, షుగరు తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ.

లెక్క ఇదీ..

గేదె పాలలో సాధారణంగా 6 నుంచి 8 శాతం వెన్న ఉంటుంది. నెయ్యి దాదాపు అంతా కొవ్వే. పాల కొవ్వులో సుమారు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు. ఇది ఎక్కువైతే రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పంట కాలువలో పూడిక చేరినట్టు అది రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. దారి ఇరుకైన చోట రక్తం గడ్డకట్టిందంటే గుండెపోటే.

మనం తినే తిండి నుంచి వచ్చే శక్తిలో సంతృప్త కొవ్వు వాటా 10 శాతం దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. రోజుకు 2000 కాలరీలు తినే మనిషికి అది సుమారు 22 గ్రాములు. ఒళ్లొంచి పనిచేసేవారికి కొంచెం ఎక్కువ. 7 శాతం వెన్న ఉన్న గేదె పాలు 200 మిల్లీలీటర్ల గ్లాసుడు తాగితే 9 గ్రాముల దాకా వస్తుంది. 15 గ్రాముల పెద్ద చెంచా నెయ్యిలోనూ దాదాపు అంతే. రెండు గ్లాసుల పాలు, ఒక చెంచా నెయ్యితోనే హద్దు దాటిపోయాం.

ఏం చేయాలి?

* పాడి ఉన్న ఇంట్లో పాలు మానక్కర్లేదు. పెద్దవాళ్లు మీగడ తీసిన పాలు, వెన్న తీసిన మజ్జిగ వాడుకోవాలి. మాంసకృత్తులు, కాల్షియం వాటిలోనే ఉంటాయి. తీసిన వెన్న కాచి నెయ్యి అమ్ముకుంటే చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. రెండేళ్లలోపు పిల్లల పాలలో మాత్రం మీగడ తీయొద్దు.

* నెయ్యి తగ్గించి ఆ మేరకు తెల్లన్నం పెంచితే లాభం లేదు. పప్పు, ఆకుకూరలు, గుప్పెడు వేరుసెనగలు పెంచాలి. వంటకు వేరుసెనగ, నువ్వులు, తవుడు నూనెల్లో ఏదైనా కొలిచి వాడాలి.

* నెయ్యి బదులు వనస్పతి వాడితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. దానిలో ట్రాన్స్ కొవ్వు ఉండొచ్చు. నూనెలు, కొవ్వుల్లో ఇది 2 శాతం మించకూడదని మన దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచి వాడటమూ మంచిది కాదు.

* వేటమాంసంలో కొవ్వు ముక్కలు, కోడిమాంసంలో తోలు తీసేయాలి. చేపలు దొరికితే మేలు.

నలభై దాటినవారు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు సొంతంగా మానకూడదు.

పొలంలో ఉండగా ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా గ్యాసేలే అని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఆలస్యమైన ప్రతి నిమిషం గుండె కండరం దెబ్బతింటూనే ఉంటుంది.