క్యాబ్ పిన్ తప్పితే పదకొండు నిమిషాలు, ఓడ పిన్ తప్పితే? కోరమండల్ తీరాన్ని కొలిచిన మైకేల్ టాపింగ్ కథ

పోయిన వారం రాయదుర్గం మెట్రో దగ్గర క్యాబ్ బుక్ చేశాను. నేను రోడ్డుకి ఇవతల ఫుట్‌పాత్ మీద ఉన్నాను. యాప్‌లో నా చుక్క మాత్రం అవతల అద్దాల బిల్డింగ్ లోపల ఉంది. డ్రైవర్ అన్న ఫోన్ చేసి, "సార్, లొకేషన్‌లోనే ఉన్నా, మీరేరి?" అన్నాడు. ఆయన చెప్పిందీ కరెక్టే, నేను చెప్పిందీ కరెక్టే. యూటర్న్ కొట్టి వచ్చేసరికి పదకొండు నిమిషాలు. నేను లెక్కపెట్టాను, వేరే పనేం లేదు కదా.

ఇలా ఎందుకవుతుందంటే, మన ఫోన్ జీపీఎస్ శాటిలైట్ల దూరాన్ని టేపు పెట్టి కొలవదు, టైమ్‌తో కొలుస్తుంది. సిగ్నల్ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, అంతే. సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్లు తప్పు. మైండ్‌స్పేస్ వైపు ఆ అద్దాల గోడలకి తగిలి సిగ్నల్ చుట్టూ తిరిగి వస్తుంది, కాస్త లేటవుతుంది. ఫోన్ దాన్ని దూరం అనుకుంటుంది. అంటే మీరెక్కడున్నారో తెలియాలంటే ముందు టైమెంతో కరెక్టుగా తెలియాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు 1780లకి వెళ్దాం. మీరు మచిలీపట్నం వైపు వస్తున్న ఓడలో ఉన్నారు. రాత్రి. కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర తీరం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, చాప పరిచినట్టు చదునుగా. విశాఖ దగ్గరైతే డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండ దూరం నుంచే కనబడుతుంది. దివిసీమ దగ్గర ఏముంది? తాటిచెట్ల తలలు. అవి కనబడ్డాయంటే మీరు ఇప్పటికే బాగా దగ్గరికి వచ్చేశారని అర్థం. కింద ఇసుక తిన్నెలు. పైగా బంగాళాఖాతంలో తీరం వెంబడి నీటి ప్రవాహం సంవత్సరంలో కొన్ని నెలలు ఉత్తరానికి, కొన్ని నెలలు దక్షిణానికి నడుస్తుంది. గంటకి ఒక నాటికల్ మైలు చొప్పున అది మిమ్మల్ని పక్కకి లాగితే, ఒక రోజు గడిచేసరికి మీరు అనుకున్న చోటికి 44 కిలోమీటర్ల అవతల ఉంటారు. నీళ్ల మీద ఉన్నవాడికి ఆ లాగుడు తెలియదు.

సరే, ఎక్కడున్నామో కొలుచుకోవచ్చు కదా? అక్షాంశం, అంటే ఉత్తర దక్షిణాల లెక్క, ఈజీ. మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో చూస్తే వచ్చేస్తుంది. రేఖాంశం దగ్గరే తంటా. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే 4 నిమిషాలకి ఒక డిగ్రీ. మీ దగ్గర టైమెంతో, ఇంకో తెలిసిన ఊళ్లో అదే క్షణాన టైమెంతో తెలిస్తే, ఆ తేడాయే రేఖాంశం. మచిలీపట్నం దగ్గర ఒక డిగ్రీ అంటే సుమారు 107 కిలోమీటర్లు. గడియారం ఒక్క నిమిషం తప్పితే దాదాపు 27 కిలోమీటర్లు గల్లంతు. నా క్యాబ్ పిన్ రోడ్డు దాటింది, అంతే. ఇక్కడ పిన్ మచిలీపట్నం నుంచి దివి దాటి వెళ్లిపోతుంది.

ఈ లెక్క తేల్చడానికి మద్రాసుకి వచ్చినవాడే మైకేల్ టాపింగ్. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తర్వాత మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లో చీఫ్ మెరైన్ సర్వేయర్ అయ్యాడు. కుక్, వాస్కోడగామా లాగా కొత్త దేశం కనిపెట్టిన మనిషి కాదు, అందుకే మన టెక్స్ట్‌బుక్స్‌లో ఉండడు. అందరికీ తెలిసిన తీరమే ఖచ్చితంగా ఎక్కడుందో చెప్పడం ఆయన పని. నన్నడిగితే అది ఇంకా కష్టం. కొత్త దీవి కనిపెట్టినవాడు యాభై కిలోమీటర్లు తప్పు రాసినా అప్పట్లో పేరొచ్చేది. ఈయన ఐదు తప్పు రాస్తే ఎవరి ఓడో ఇసుకలో కూరుకుపోతుంది.

మచిలీపట్నం నుంచి కలకత్తా దాకా నేల మీద వెళ్తూ దారిలో ఊళ్ల స్థానాలు లెక్కకట్టాడు. సముద్రం మీద బంగాళాఖాతం ప్రవాహాలు గమనించి రాసుకున్నాడు. 1788 ప్రాంతంలో మద్రాసుకి దక్షిణంగా, పరంగిపేట దగ్గర, సముద్రం ఒడ్డు ఇసుక మీద ఒక బేస్‌లైన్ కొలిచాడు. బేస్‌లైన్ అంటే? ఇంటర్ ఫస్టియర్ వన్-ఏలో ప్రాపర్టీస్ ఆఫ్ ట్రయాంగిల్స్ చదివారు కదా, సైన్ రూల్. "ఇది లైఫ్‌లో ఎక్కడ వాడతాం సార్" అని లెక్చరర్‌ని అడిగిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఇదిగో, ఇక్కడ వాడతారు. ఒక్క గీత జాగ్రత్తగా కొలిచి, రెండు చివరల నుంచి దూరంగా ఉన్న గుడి గోపురానికి కోణాలు చూస్తే చాలు, మిగతా రెండు భుజాలు లెక్కలోనే వచ్చేస్తాయి. ఆ భుజమే ఇంకో త్రిభుజానికి బేస్. అలా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ తీరం వెంట వెళ్లిపోవచ్చు. ఇసుక ఒడ్డు ఎందుకంటే చదును, అడ్డం ఏమీ ఉండదు. ఈ కొలత మీద ఆయన రాసిన పేపర్ 1792లో లండన్ రాయల్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. దేశం మొత్తాన్ని త్రిభుజాలతో కొలిచిన లాంబ్టన్ సర్వే మొదలైంది 1802లో. టాపింగ్ అంతకన్నా ముందే ఆ పద్ధతిని మన తీరం మీద వాడేశాడు.

నీళ్లలో పని ఇంకో రకం. ఆ రోజుల్లో లోతు చూడాలంటే తాడు, దాని చివర సీసపు గుండు. తాడుకి బారల లెక్కన గుర్తులు. బార అంటే మీ రెండు చేతులూ చాపినంత, సుమారు ఆరడుగులు. గుండు అడుగున ఒక గుంట ఉంటుంది, అందులో పశువుల కొవ్వు పూస్తారు. గుండు నేలకి తగిలి పైకొచ్చినప్పుడు ఆ కొవ్వుకి ఇసుక అంటిందా, బురద అంటిందా, గవ్వ ముక్కలు అంటాయా అని చూస్తారు. బురదైతే లంగరు పట్టుకుంటుంది, రాయైతే కష్టం. చూడండి, ఒక్క తాడుతో రెండు రకాల డేటా. అయితే లోతు ఒక్కటే రాసుకుంటే లాభం లేదు, ఏ చోట ఆ లోతో కూడా కావాలి. అందుకే ఒడ్డున గుర్తులు పెట్టి, పడవలోంచి వాటి మధ్య కోణాలు చూసి, ప్రతి గుండు వేతకీ ఒక చుక్క పెడతారు. ఒక అఖాతం మ్యాప్ కావాలంటే ఇలాంటివి వందల సార్లు. ఎండలో, ఉప్పుగాలిలో.

టాపింగ్ అలా కొలిచినవాటిలో మనకి బాగా దగ్గరిది కోరంగి. ఇప్పుడు కాకినాడ నుంచి ఫ్రెండ్స్‌తో వెళ్లి మడ అడవుల్లో చెక్క వంతెన మీద రీల్స్ చేస్తామే, అదే కోరంగి. అప్పట్లో అది ఓడలు కట్టే, రిపేరు చేసే రేవు. ఎంత పేరున్న రేవంటే, బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడ కోరంగీలనే పిలిచేవారు. కంపెనీకి దాని మీద ఎందుకు కన్ను పడిందంటే, ఈ తీరంలో మంచి సహజ రేవు లేదు. మద్రాసులోనే ఓడ దూరంగా ఆగేది, మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో అలల మీదుగా తెచ్చేవారు. మసూలా అంటే ఒక్క మేకు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవ. అల కొడితే విరగకుండా వంగుతుంది. నాకైతే అది నౌక కన్నా గొప్ప ఇంజినీరింగ్ అనిపిస్తుంది, దాని మీద వేరే ఎపిసోడ్ చేయాలి.

మరి తెలిసిన ఊరి టైమ్ కావాలి అన్నాం కదా, ఆ తెలిసిన ఊరు ఏది? 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఆఫీసర్ మద్రాసు ఎగ్మోర్‌లో సొంతంగా ఒక అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని కంపెనీ తీసుకుంది. 1792లో నుంగంబాకంలో కొత్త బిల్డింగ్ కట్టారు, డిజైన్ టాపింగ్‌దే. లోపల టెలిస్కోపు కదలకుండా ఉండడానికి నిలబెట్టిన 10 టన్నుల గ్రానైట్ స్తంభం ఇప్పటికీ నుంగంబాకం వాతావరణ శాఖ ఆవరణలో ఉంది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలో, తెలుగులో కూడా రాత చెక్కించారు. తీరంలో చూసిన టైమ్‌ని ఈ స్తంభం దగ్గరి టైమ్‌తో పోల్చుకోవడమే ఇక. మన ఫోన్‌కి శాటిలైట్ గడియారం ఎలాగో, అప్పటి ఓడకి ఈ రాయి అలాగ.

ఒక్కడు తీరమంతా కొలవలేడు కదా. అందుకని 1794లో మద్రాసులో ఎనిమిది మంది కుర్రాళ్లతో సర్వే స్కూల్ పెట్టించాడు. ఆ స్కూలే పెరిగి పెరిగి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. మీ టీమ్‌లో గిండీ సీనియర్ ఎవరైనా ఉంటే అడగండి, టాపింగ్ పేరు తెలుసా అని. నేను ముగ్గుర్ని అడిగాను. జీరో.

ఇక అసలు విషయానికొస్తా. 1790ల మొదట్లో వరసగా వానల్లేక సర్కారు జిల్లాల్లో ఘోరమైన కరువొచ్చింది. అప్పుడు ఈ సముద్రం మనిషిని నదుల వైపు పంపారు. చెరువుల మరమ్మతు, కాలవల పర్యవేక్షణ అప్పగించారు. కృష్ణా, గోదావరి నీళ్లు ఊరికే సముద్రంలోకి పోతున్నాయి, వాటిని పొలాలకి మళ్లించొచ్చా అని చూడమన్నారు. జాలితో అనుకోకండి, పంట లేకపోతే కంపెనీకి శిస్తు రాదు. టాపింగ్ పరిశీలించాడు, మళ్లించొచ్చన్నాడు. ఆ పనిలో ఉండగానే, 1796 జనవరిలో, మచిలీపట్నంలో జ్వరంతో చనిపోయాడు. యాభై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ ఆలోచన కాగితాల్లోనే ఉండిపోయింది. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌లాగ్‌లోకి వెళ్లింది. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను. "తర్వాతి స్ప్రింట్‌లో చూద్దాం" అన్న మాట ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు, నేనూ అన్నాను. కాకపోతే మా దగ్గర లేటయితే ఒక బటన్ సరిగ్గా పనిచేయదు. ఇక్కడ 1832-33లో నందన కరువు వచ్చింది. మా నాయనమ్మ వాళ్లది గుంటూరు వైపు. పిల్లలు అన్నం వదిలేస్తే ఆవిడ "డొక్కల కరువు చూసినోళ్లకి తెలుస్తది మెతుకు విలువ" అనేది. ఆవిడ చూడలేదు, వాళ్ల నాయనమ్మ కూడా చూసి ఉండదు, అయినా మాట మిగిలింది. అది ఈ కరువే. ఐదు లక్షల జనాభా ఉన్న గుంటూరు ప్రాంతంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, కాటన్ చేతుల మీద. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855కి పూర్తయింది. టాపింగ్ పోయిన దాదాపు అరవై ఏళ్లకి.

ఆయన మాట విని వెంటనే కట్టేసి ఉంటే ఎవరూ చనిపోయేవాళ్లు కాదు అని నేను చెప్పను. 1796లో అంత పెద్ద ఆనకట్ట కట్టే డబ్బూ, మనసూ కంపెనీకి ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న. కానీ ఊరూరా విగ్రహాలున్న కాటన్ దొర కథ చెప్పేటప్పుడు, దానికి యాభై ఏళ్ల ముందే ఒకాయన ఇదే నీళ్ల వెంట తిరిగాడన్న లైన్ ఎందుకు ఉండదో నాకర్థం కాదు.

సముద్రం కొలిచే పని ఇప్పటికీ నడుస్తోంది, ఎందుకంటే కోరంగి లాంటి చోట గోదావరి ఏటా బురద తెచ్చి పోస్తూనే ఉంటుంది. కాకినాడకి అడ్డంగా ఉన్న హోప్ ఐలాండ్ మొత్తం అలా పేరుకున్న ఇసుకే. నిన్నటి లోతు ఇవాళ ఉండదు. 2024 ఫిబ్రవరి 3న విశాఖలో నేవీలోకి వచ్చిన ఐఎన్ఎస్ సంధాయక్ పని అచ్చంగా ఇదే, సీసపు గుండు బదులు సోనార్. ఇంకోటి, సముద్రమే లేని మన హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అనే కేంద్రం ఉంది. సునామీ హెచ్చరిక వచ్చేది అక్కడి నుంచే. బంగాళాఖాతంలో అలలెంత ఎత్తున్నాయి, ప్రవాహం ఎటుంది, చేపలు ఎక్కడ దొరకొచ్చు అన్న సమాచారం కాకినాడ మత్స్యకారుడి ఫోన్‌కి తెలుగులో వెళ్తుంది. జేఎన్‌టీయూ నుంచి నిజాంపేట మీదుగా ప్రగతినగర్ వైపు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఒకసారి ఆ బోర్డు కోసం చూడండి.

వచ్చే ఎపిసోడ్ లాంబ్టన్ మీద. అరటన్ను బరువున్న థియోడొలైట్‌ని తంజావూరు గుడి గోపురం ఎక్కిస్తుంటే తాడు జారి ఏమైందో చెప్తాను. ఉంటానండీ.